అప్‌డేట్: ఘాట్‌లో ఆగిపోయే పాత డీజిల్ జీపు, కారణం దొరికింది

నా పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉదయాన్నే స్టార్టు కాక మొరాయిస్తోందని, సింహాచలం ఘాట్ ఎక్కలేక ఆగిపోతోందని గత నెలలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. డీజిల్ లైనులోకి గాలి చొరబడి ఇంజనుకు డీజిల్ సరిగా అందడం లేదేమో చూడమన్న మాటే నిజమైంది. గాజువాక ఆటోనగర్‌లోని మెకానిక్ ఫీడ్ పంపుకు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపు) ముందు జానెడు పారదర్శకమైన గొట్టం బిగించి ఇంజను నడపగా, డీజిల్‌తోపాటు సన్నని బుడగలు వరుసగా రావడం స్వయంగా చూశాను. ట్యాంకు దగ్గరి రబ్బరు గొట్టం, సముద్రపు గాలికి తుప్పు పట్టిన క్లిప్పు కింద, వెంట్రుకవాసి పగిలి ఉంది. అక్కడ పంపు పీల్చుకుంటుందే తప్ప నెట్టదు కనుక నేల మీద చుక్కయినా పడలేదు, నాకు అనుమానమూ రాలేదు. గొట్టం, క్లిప్పులు మార్చి, లైనులో మిగిలిన గాలిని ఫీడ్ పంపు మీద చేత్తో నొక్కే చిన్న పంపుతో తీశాక మూడు వారాలుగా ఒక్క తిప్పుకే స్టార్టవుతోంది. ఇంజెక్టర్లకు (ఇంజనులోకి డీజిల్ చిమ్మేవి), గ్లో ప్లగ్గులకు (చల్లని ఇంజను స్టార్టయ్యేందుకు లోపల వేడి చేసేవి) ఏ దోషమూ లేదు; తొందరపడి కొన్న కొత్త బ్యాటరీ మాత్రం దండగే.