మామ్మ జ్ఞాపకాల పుస్తకానికి పుట్టిన ఏడాది, లేసు పని వివరాలు ఎలా రాబట్టాలి?

గోదారి గట్టు:
నరసాపురంలో మా మామ్మ పోయారు. సంవత్సరీకానికి పదహారు పేజీల చిన్న పుస్తకం వేయించి బంధువులకు ఇవ్వాలని ఉంది. ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-1938. ఇంట్లో మాత్రం "ధాత, మాఘ బహుళ ఏకాదశి" అంటారు. జీవితమంతా లేసు అల్లారు. పెట్టెలో పాత ముక్కలున్నాయి, కొన్ని పసుపెక్కాయి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పాత పంచాంగం:
ఆధార్‌లో జనవరి 1 కనబడితే అది చాలాసార్లు వయసు చెబితే వేసిన తేదీ. దాన్ని పుస్తకంలోకి ఎక్కించకండి. ధాత అనే తెలుగు సంవత్సరం 1936 ఉగాదికి మొదలై 1937 ఉగాదికి ముగిసింది. మాఘం ఏడాది చివర్లో వస్తుంది కాబట్టి మీ తిథి 1937 మార్చిలో పడుతుంది. 1936 అని రాసేస్తే తప్పు. ఇంకో చిక్కు: ఉత్తరాది లెక్క వాడే పంచాంగం సైట్లలో మన మాఘ బహుళం ఫాల్గుణం పేరుతో ఉంటుంది. అక్కడ మాఘ కృష్ణ ఏకాదశి అని వెతికితే నెల ముందు తేదీ వస్తుంది. ఏ వారం (సోమ, మంగళ...) పుట్టారో ఎవరికైనా గుర్తుందేమో అడగండి, తేదీ సరైందో కాదో తేల్చేది అదే.

మిగతా ఏళ్ళకి ఊరంతా ఎరిగిన సంఘటనలు పట్టుకోండి: 1953, 1986 గోదావరి వరదలు, 1979, 1991, 2003 పుష్కరాలు. "వరదప్పుడు చంటిపిల్లాడు చంకలో ఉన్నాడు" అంటే ఆ పిల్లాడి సర్టిఫికెట్‌తో సరిచూడొచ్చు. నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి గాని, "నాలుగణాలు" అనే మాట ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. కూలి అణాల్లో చెప్పారని 1957కి ముందే అనుకోకండి.

అల్లిక:
లేసు ముక్కలే ఆవిడ చేతిరాత అనుకోండి, ముందు వాటిని కాపాడండి. తుప్పు పట్టిన గుండుసూదులుంటే తీసేయండి, ఆ మరక పోదు. బ్లీచింగ్ వద్దే వద్దు, నూలు పిప్పి అయిపోతుంది. వెడల్పాటి బేసిన్‌లో చల్లటి నీళ్ళు పోసి, దోమతెర ముక్క మీద లేసు పరిచి ముంచండి. అరగంటకోసారి నీళ్ళు మార్చండి, పసుపు దిగడం ఆగేదాకా. అప్పటికీ మురికుంటే వాసన లేని మెత్తటి సబ్బునీళ్ళు కొద్దిగా వాడి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించండి. పిండకండి, తడి నూలు బరువుకే సాగుతుంది. దోమతెరతోనే ఎత్తి తెల్ల తువ్వాలు మీద పరిచి, పూల అంచులు వేళ్ళతో సర్ది నీడన ఆరనివ్వండి. దాచేటప్పుడు గంజి పెట్టకండి, పురుగు దానికే వస్తుంది. మడిస్తే ఆ గీత వెంట తెగుతుంది కాబట్టి ఉతికిన మల్లుగుడ్డ చుట్టిన గొట్టానికి చుట్టండి. మన తీరం తేమకి ప్లాస్టిక్ కవర్లో బూజు పడుతుంది.

ఫోటోకి లేసు కింద నల్లగుడ్డ వేయండి. వెలుతురు పక్క కిటికీ నుంచి రావాలి, పక్కనే స్కేలు ఉండాలి. ఒక్క పువ్వునైనా దగ్గరగా తీసి అచ్చు వేయండి. గొలుసుకుట్లు ఎంత సమంగా పడ్డాయో అందులోనే తెలుస్తుంది.

ఆవిడ చేసింది చేతిపనా, అతుకుపనా అన్నది కనుక్కోండి. పూలు అల్లేవాళ్ళు వేరు, వాటిని కలిపి టేబుల్ గుడ్డలుగా చేసేవాళ్ళు వేరు. ఏజెంటు నూలిచ్చి, అల్లింది లెక్క చూసి కూలి ఇచ్చేవాడు. "లేసు అల్లేది" అని ఒక్క ముక్కలో ముగిస్తే ఆవిడ రోజు ఎలా గడిచిందో పోతుంది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, అదీ ఒక వాక్యం రాయండి.

గోదారి గట్టు:
చాలా సాయం చేశారండి. ఆవిడతో కలిసి అల్లిన ఇద్దరు పెద్దవాళ్ళు ఉన్నారు. ఏం అడగాలి?

అరుగు మీద:
"ఎలాంటి మనిషి" అని అడగకండి, అందరూ దేవత అనే అంటారు. లేసు ముక్క చేతికిచ్చి "ఇది ఎన్ని రోజుల పని? నూలు ఎవరు తెచ్చేవారు? మధ్యాహ్నం ఎవరి అరుగు మీద కూర్చునేవారు? కూలి డబ్బు ఎవరి చేతికి వెళ్ళేది?" అని అడగండి. చేతిలో ముక్క ఉంటే మాట దానంతటదే వస్తుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపి, మొదట్లో తేదీ, ఊరు పలికి రికార్డు చేయండి. అరగంటకి మించితే వాళ్ళు అలిసిపోతారు, మర్నాడు మళ్ళీ వెళ్ళండి. ఇద్దరూ వేర్వేరుగా చెబితే రెండూ రాయండి.

మీరు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో టైపు చేసిన యూనికోడ్ మ్యాటర్‌ని ప్రెస్సువాళ్ళు తాము వాడే పాత "అను" ఫాంటులోకి మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి. ప్రూఫు కాగితం మీద తీయించి, పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదవండి.