అంతర్జాతీయ సంస్థలో చేరితే ప్రజాస్వామ్యం నిలబడుతుందా, నిలబడాలనుకునేవారే చేరతారా?

మల్లేశ్వరం విద్యార్థిని (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా. ప్రస్తుతం బెంగళూరులో రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టరులో సమర్పించవలసిన లఘు పరిశోధన కోసం అమెరికా రాజనీతి శాస్త్రవేత్త జాన్ పీవ్‌హౌస్ రచనలు చదువుతున్నాను. ఒక ప్రాంతీయ సంస్థలో ప్రజాస్వామ్య దేశాలు ఎంత ఎక్కువగా ఉంటే, అందులో సభ్యత్వం ఉన్న నియంతృత్వ దేశం ప్రజాస్వామ్యం వైపు మళ్లే అవకాశం, మళ్లిన తరువాత అక్కడే నిలిచే అవకాశం అంత పెరుగుతాయని ఆయన 2005లో వెలువడిన పుస్తకంలో వాదించారు. 2006లో ఎడ్వర్డ్ మాన్స్‌ఫీల్డ్‌తో కలిసి రాసిన వ్యాసంలో మాత్రం, అప్పుడప్పుడే ప్రజాస్వామ్యంలోకి అడుగుపెడుతున్న దేశాలే ఇటువంటి సంస్థల్లో చేరడానికి మిగిలినవాటికంటే ఎక్కువ మొగ్గు చూపుతాయని తేల్చారు.

నా చిక్కు ఇక్కడే ఉంది. మొదటి వాదంలో సంస్థ కారణం, ప్రజాస్వామ్యం ఫలితం. రెండో దానిలో ఈ వరుస తలకిందులైంది. ఒకే పరిశోధకుడు ఈ రెండింటినీ ఎలా సమర్థించగలరు?

రెండో సందేహం వాణిజ్యానికి సంబంధించినది. ప్రజాస్వామ్య ప్రభుత్వాలు వాణిజ్య ఒప్పందాలు ఎక్కువగా చేసుకుంటాయని మాన్స్‌ఫీల్డ్, హెలెన్ మిల్నర్, పీటర్ రోసెన్‌డార్ఫ్ 2002లో వాదించారు. మా మేనమామ కృష్ణాపురం ఉల్లి పండిస్తారు కాబట్టి 2020 సెప్టెంబరు నాటి ఉల్లి ఎగుమతి నిషేధం నాకు బాగా గుర్తుంది. ఓటర్లకు జవాబు చెప్పవలసిన ప్రభుత్వమే ఎగుమతిని ఆపినప్పుడు ఆ సిద్ధాంతాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

విశ్రాంత అధ్యాపకుడు, మైలాపూరు

అమ్మా, మీరు చూసిన వైరుధ్యం నిజంగా వైరుధ్యం కాదు. రెండు వాదాలకూ మూలం ఒక్కటే: కొత్తగా వచ్చిన ప్రజాస్వామ్య ప్రభుత్వం మాటను ఎవరూ నమ్మరు. నిన్నటివరకు సైన్యం ఏలిన దేశంలో ఎన్నికైన నాయకుడు ‘ఇకమీదట చట్టప్రకారమే నడుచుకుంటాం’ అని ప్రకటిస్తే, పెట్టుబడిదారులు ఆగి చూస్తారు, భూస్వాములు తమ ఆస్తుల గురించి భయపడతారు, సైనికాధికారులు అదను కోసం వేచి ఉంటారు. మాట తప్పితే తనకే నష్టం కలిగే ఏర్పాటు ఆ ప్రభుత్వానికి అవసరమవుతుంది. అందుకని చేరుతుంది. చేరిన తరువాత ఆ నష్టం నిజమైనదైతే ప్రజాస్వామ్యం నిలుస్తుంది. చేరడానికి పురికొల్పేది, చేరాక కాపాడేది ఒకే అవసరం.

గ్రీసు చరిత్ర చూడండి. యూరోపియన్ ఆర్థిక సమాజంతో (నేటి యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపం) 1961లో సంతకం చేసుకున్న అనుబంధ ఒప్పందం, 1967 ఏప్రిల్‌లో సైనికాధికారులు అధికారం చేజిక్కించుకున్నాక స్తంభించిపోయింది. 1969లో మానవ హక్కుల కోసం ఏర్పడిన వేరే సంస్థ కౌన్సిల్ ఆఫ్ యూరప్ బహిష్కరించే పరిస్థితి రాగా, ఆ ప్రభుత్వమే ముందుగా వైదొలగింది. అయినా సైనిక పాలన 1974 వరకు సాగింది కదా అని మీరు అడగవచ్చు. అవును, సాగింది. బయటి ఒత్తిడి ఒక్కటే నియంతలను దింపుతుందని పీవ్‌హౌస్ కూడా అనలేదు. 1974లో పౌర ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాదే పూర్తి సభ్యత్వానికి దరఖాస్తు పెట్టింది. గ్రీసు ఆర్థికంగా ఇంకా సిద్ధంగా లేదని యూరోపియన్ కమిషన్ 1976లో వెనకాడినా, సభ్యదేశాల మంత్రులు ఆ అభిప్రాయాన్ని పక్కనపెట్టి చర్చలు మొదలుపెట్టారు. 1981 జనవరి 1న గ్రీసు సభ్యదేశమైంది. స్పెయిన్, పోర్చుగల్ 1986లో చేరాయి.

నా దృష్టిలో ఇంకా స్పష్టమైన ఉదాహరణ పరాగ్వే. సముద్రతీరం లేని ఆ చిన్న దేశం సరుకు బ్రెజిల్, అర్జెంటీనాల మీదుగానే బయటికి పోవాలి. 1991లో ఆ ఇద్దరితో, ఉరుగ్వేతో కలిసి మెర్కోసూర్ వాణిజ్య కూటమిని ఏర్పరచింది. 1996 ఏప్రిల్‌లో సైన్యాధిపతి లీనో ఒవియేదో, తనను పదవి నుంచి తప్పుకోమన్న అధ్యక్షుడు వాస్మోసీని ధిక్కరించాడు. పొరుగు దేశాల దౌత్యవేత్తలు అధ్యక్షుడి పక్షాన నిలిచారు. తిరుగుబాటు ఫలించలేదు. ప్రజాస్వామ్యం తెగిన దేశాన్ని కూటమి నుంచి నిలిపివేసే నిబంధనను 1998లో ఉష్వాయా ఒడంబడికగా రాసుకున్నారు. ప్రజాస్వామ్యం, వాణిజ్యం ఒకే తాడుతో ముడిపడటం ఇక్కడ కళ్లకు కడుతుంది.

అదే నిబంధనకు 2012లో మరో ముఖం బయటపడింది. దేశాధ్యక్షుడు లూగోను పరాగ్వే పార్లమెంటు హడావుడిగా అభిశంసించినందుకు ఆ దేశాన్ని కూటమి నుంచి నిలిపివేశారు. వెనెజులా ప్రవేశాన్ని పరాగ్వే సెనేటు అంతకుముందు ఆమోదించకుండా ఆపింది. నిలిపివేత కాలంలోనే వెనెజులాను చేర్చుకున్నారు. నిబంధనను వాడేవారి ప్రయోజనాలను కూడా మీ పరిశోధనలో లెక్కలోకి తీసుకోండి.

గణాంకం, ఇందిరానగర్

మాస్టారి వివరణతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలచాను. ఏ దేశం ఏ సంస్థలో ఎప్పుడు చేరిందో తెలిపే ప్రసిద్ధమైన దత్తాంశాన్ని పీవ్‌హౌస్ బృందమే విస్తరించి సవరించింది. అది 1815 నుంచి మొదలవుతుంది, కాని 1965 వరకు అయిదేళ్లకొకసారి మాత్రమే లెక్క ఉంటుంది, ఆ తరువాతే ఏటేటా. పాలన మారింది ముందా, సభ్యత్వం వచ్చింది ముందా అన్న మీ ప్రశ్నకు వరుస ముఖ్యం కాబట్టి, 1965కు ముందరి కాలాన్ని తీసుకుంటే ఆ వరుస అయిదేళ్ల సందులో మరుగునపడే ప్రమాదం ఉంది.

లెక్క ఎలా పెట్టామన్నదాన్ని బట్టి తీర్పు ఎంత మారుతుందో వాణిజ్య రంగంలోనే చూడవచ్చు. గాట్‌లోను (సుంకాలు, వాణిజ్యంపై దేశాల మధ్య కుదిరిన సాధారణ ఒప్పందం), దాని స్థానంలో 1995లో వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థలోను సభ్యత్వం ఉన్నంత మాత్రాన వాణిజ్యం పెరిగిందనడానికి బలమైన ఆధారం లేదని ఆర్థికవేత్త ఆండ్రూ రోజ్ 2004లో రాసినప్పుడు పెద్ద చర్చ జరిగింది. లాంఛనంగా సభ్యత్వం లేకపోయినా ఆ హక్కులు, బాధ్యతలు వర్తించిన వలస ప్రాంతాలను, కొత్తగా స్వతంత్రమైన దేశాలను రోజ్ బయటివారిగా లెక్కించారని, వారిని లోపలివారిగా చేర్చితే వాణిజ్యం గణనీయంగా పెరిగినట్లు కనిపిస్తుందని గోల్డ్‌స్టీన్, రివర్స్, టోమ్జ్ 2007లో చూపించారు. కాబట్టి సభ్యత్వం అంటే మీ ఉద్దేశంలో ఏమిటో మొదటి పుటలోనే నిర్వచించండి.

రాయపురం కస్టమ్స్ ఏజెంటు

నేను చదువుకున్నది బీకామ్ మాత్రమే, కాని ఇరవై రెండేళ్లుగా చెన్నై రేవులో ఎగుమతి కాగితాలు చూస్తున్నాను. మాస్టారు చెప్పినది మా పనిలో రోజూ కనిపించేదే. సింగపూరులో పాత కొనుగోలుదారుడైతే సరుకు పంపాక డబ్బు వస్తుందని నమ్మి కంటైనర్ ఎక్కిస్తారు. కొత్తవాడైతే బ్యాంకు నుంచి ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే షరతులు తీరితే డబ్బు తానే చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) తెరవమంటారు. డబ్బు ఎగ్గొట్టే ఉద్దేశం ఉన్నవాడు ఎల్‌సీ తెరవనే తెరవడు. పాతవాడికి దాని అవసరం లేదు. నిజాయతీ ఉండి పేరు లేని కొత్తవాడే దానికి ఖర్చు పెడతాడు. కొత్త ప్రజాస్వామ్యాలే ఎక్కువగా చేరతాయన్న మాట నాకు ఇలా అర్థమైంది. ఎల్‌సీ విలువంతా అందులో రాసిన షరతుల్లోనే ఉంటుంది, షరతులు వదులుగా ఉంటే బ్యాంకు పేరు ఎంత పెద్దదైనా లాభం లేదు.

ఇక ఉల్లి సంగతి. 2020 సెప్టెంబరు 14న నిషేధం వచ్చింది. అక్టోబరు 9న బెంగళూరు రోజ్ రకానికి పదివేల టన్నులు, కృష్ణాపురం (కేపీ) రకానికి పదివేల టన్నులు 2021 మార్చి 31 వరకు పంపుకోవచ్చని, అదీ చెన్నై రేవు నుంచి మాత్రమేనని సడలింపు వచ్చింది. మన వంటింట్లో పెద్దగా వాడని రకాలు కాబట్టి, వాటిని పంపినా ఇక్కడి ధర పెరగదు. అంటే ప్రభుత్వం వాణిజ్యాన్ని వద్దనలేదు, కొనే ఓటరు చూసే ధరను చూసింది. పండించేవారు కొన్ని తాలూకాల్లో ఉంటారు, కొనేవారు దేశమంతటా ఉంటారు. గాట్ పదకొండో అధికరణం ఎగుమతి నిషేధాలను కూడదంటూనే, ఆహార పదార్థాలకు తీవ్రమైన కొరత వచ్చినప్పుడు తాత్కాలికంగా అనుమతిస్తుంది. ఆ సందు లేకపోతే ఏ ఎన్నికైన ప్రభుత్వమూ దానిమీద సంతకం పెట్టేది కాదని నా నమ్మకం.

మల్లేశ్వరం విద్యార్థిని

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఎల్‌సీ పోలిక వల్ల నాకు అడ్డం తొలగిపోయింది. సార్, మీ అనుమతితో దాన్ని పీఠికలో వాడుకుంటాను. మాస్టారికి ఒక ప్రశ్న మిగిలింది. మన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌ను ఇందులో చేర్చవచ్చా?

విశ్రాంత అధ్యాపకుడు, మైలాపూరు

చేర్చండి, అయితే షరతులు లేని ఎల్‌సీకి ఉదాహరణగా. 1985లో ఢాకాలో సంతకం చేసిన సార్క్ చార్టర్ నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలంటుంది, ద్వైపాక్షికమైన, వివాదాస్పదమైన విషయాలను చర్చ నుంచి మినహాయిస్తుంది. 1999 అక్టోబరు 12న పాకిస్తాన్‌లో సైన్యం అధికారం తీసుకున్నప్పుడు, వారం తిరగకముందే కామన్వెల్త్ ఆ దేశాన్ని తన మండళ్ల నుంచి నిలిపివేసింది. సార్క్‌లో అటువంటి నిబంధనే లేదు. ఆ నవంబరులో ఖాట్మండూలో జరగవలసిన శిఖరాగ్ర సభ మన దేశం అభ్యంతరం వల్ల వాయిదా పడి 2002 జనవరిలో జరిగింది. అది సంస్థ వేసిన శిక్ష కాదు, ఒక సభ్యదేశం నిర్ణయం. ఈ తేడాను మీరు విడమరచి రాయాలి.

దాని పక్కన హంగేరీని పెట్టండి. అక్కడ నిబంధనలకు కొదవ లేదు. అయినా 2018 సెప్టెంబరులో యూరోపియన్ పార్లమెంటు ఆ దేశంపై యూరోపియన్ యూనియన్ ఒడంబడికలోని ఏడో అధికరణం కింద చర్య మొదలుపెట్టినప్పుడు, ఓటు హక్కు తీసివేసే దశకు చేరాలంటే మిగిలిన దేశాల ఏకాభిప్రాయం కావాలన్న చోట అది ఆగింది. 2022 డిసెంబరులో దాదాపు 630 కోట్ల యూరోల నిధులను నిలిపివేయడం మాత్రం సాధ్యమైంది, ఎందుకంటే దానికి అందరి సమ్మతి అక్కరలేదు, నిర్ణీత మెజారిటీ చాలు.

మల్లేశ్వరం విద్యార్థిని

అలాగైతే 1965 తరువాతి కాలానికే పరిమితమై, పరాగ్వేను, పాకిస్తాన్‌ను పక్కపక్కన పెట్టి, ఆ తరువాత నిబంధన రాసుకున్న కూటమిలోను, అసలు రాసుకోని కూటమిలోను సైన్యం ఎదురుతిరిగిన మొదటి వారంలో పొరుగు దేశాలు ఏమి చేశాయో రాస్తాను. వాణిజ్యం మీద ఆధారపడటం రెండు చోట్లా ఒకేలా లేదు కాబట్టి, ఆ తేడాను వేరే అధ్యాయంగా ఉంచుతాను. సార్, ఉల్లి నిషేధానికి సంబంధించిన రెండు నోటిఫికేషన్ల ప్రతులు మీ దగ్గర ఉంటే, వచ్చే నెల చెన్నై వచ్చినప్పుడు చూసుకోవడానికి వీలవుతుందా?

రాయపురం కస్టమ్స్ ఏజెంటు

ఉన్నాయమ్మా. ఆ సీజనులో కేపీ ఉల్లికి వేసిన షిప్పింగ్ బిల్లులు కూడా ఫైల్లో ఉన్నాయి. పార్టీల పేర్లు కప్పి చూపిస్తాను. శనివారం మధ్యాహ్నం దాటాక రండి, అప్పటికి పని తగ్గుతుంది.