నోత్రదామ్ ఆర్గన్‌ని 1868 నాటి రూపానికి తిప్పి ఉండాల్సిందా?

మంద్రస్థాయి:
పారిస్ నోత్రదామ్ కెథడ్రల్ 2019 ఏప్రిల్ 15న తగలబడినప్పుడు పెద్ద ఆర్గన్‌కి (గాలితో పైపులు మోగించే వాయిద్యానికి) మంట అంటలేదు, నీళ్ళూ పెద్దగా తగల్లేదు. గాయకుల దగ్గరుండే చిన్న ఆర్గన్ మాత్రం నీళ్ళకి పాడైంది. పెద్దదాని మీద పడిందల్లా కప్పు నుంచి వచ్చిన సీసం దుమ్ము. దాన్ని తుడవడానికే 2020 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా సుమారు 8,000 పైపులనీ, వాటికి గాలి పంపే గాలిపెట్టెలనీ, కీబోర్డులుండే కన్సోల్‌నీ విప్పి దింపారు.

అంత విప్పాక మళ్ళీ అదే కరెంటు యాక్షన్ (కీబోర్డు మెట్టు నొక్కుడుని పైపు దాకా చేర్చే ఏర్పాటు), అవే 115 స్టాపులు (ఒక్కో రకం నాదమిచ్చే పైపుల వరసలు) ఎందుకు బిగించాలి? 1868లో ఆర్గన్లు కట్టే కవాయే-కోల్ ఇచ్చింది 86 స్టాపులు, ఐదు కీబోర్డులు. వేలికీ పైపుకీ మధ్య కర్ర బద్దలు, గాలి తిత్తులతో వేలికి సాయపడే బార్కర్ యంత్రాలే తప్ప వైరు ముక్క లేదు. 1960లలో అక్కడి ఆర్గనిస్టు పియేర్ కోష్రో హయాంలో వాటిని పీకేసి కరెంటు పెట్టారు. ఆ తప్పు దిద్దే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుంది?

గాలిపెట్టె:
1868 మాత్రం ఏమంత శుద్ధం మాస్టారూ? అక్కడ 1733లో తియెరి కట్టిన ఆర్గన్ ఉండేది. 1780లలో క్లీకో దాన్ని పెంచాడు. కవాయే-కోల్ వచ్చి ఆ పాత పైపుల్లో పనికొచ్చేవి ఉంచుకుని, వాటి చుట్టూ తనది కట్టాడు. అతుకులేయడం ఆయనే మొదలుపెడితే, ఆయన దగ్గరే గీత గీసి ఆగమంటే ఎలా?

పైగా 1932లో స్టాపులు చేర్పించింది లూయీ వియెర్న్. 1900 నుంచి అక్కడే వాయించి, 1937 జూన్ 2న కచేరీ మధ్యలో ఆ కన్సోల్ దగ్గరే ప్రాణం వదిలిన మనిషి. కోష్రో పెట్టించిన అడ్డ ట్రంపెట్లు (అడ్డంగా అమర్చిన ట్రంపెట్ పైపులు) నచ్చకపోతే తీసేయమంటారు సరే, వియెర్న్ చేర్చినవీ తీసేస్తారా?

ఇత్తడినాలుక:
మంద్రస్థాయి గారూ, "వేలికీ పైపుకీ మధ్య" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. బార్కర్ యంత్రం పని చూడండి. మెట్టు నొక్కితే బుల్లి వాల్వ్ ఒకటి తెరుచుకుంటుంది. దాంట్లోంచి గాలి చిన్న తిత్తిలోకి దూరుతుంది. తిత్తి ఉబ్బి బద్దని లాగుతుంది, బద్ద అవతలి కొసన గాలిపెట్టె మూత తెరుచుకుంటుంది. అంటే మూత లాగేది మీ వేలు కాదు, తిత్తి. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా మూత ఒకేలా తెరుచుకుంటుంది. వేలి స్పర్శ తెగింది కరెంటుతో కాదు, బార్కర్‌తోనే.

అదెందుకు పెట్టారంటే, కప్లర్లు వేసి ఐదు కీబోర్డులు కలిపితే ఒక్క వేలు గాలి ఒత్తిడికి ఎదురుగా ఐదు మూతలు లాగాలి. అది మనిషి వల్ల కాని పని. కవాయే-కోల్ 1841లో సాన్-దెనీ బసిలికాలో దీన్ని వాడాకే పెద్ద ఆర్గన్లకి దారి దొరికింది.

ఖర్చు సంగతి: కీబోర్డుకి 56 మెట్లుంటే 56 తిత్తులు, అన్నీ తోలువే. తోలు ఎండి పగిలితే గాలి కారి స్వరం ఆలస్యంగా పలుకుతుంది. వాల్వ్ కింద నలుసు పడితే మెట్టు వదిలినా స్వరం పట్టేసి మోగుతూనే ఉంటుంది. పూజ మధ్యలో అదొక నరకం.

మంద్రస్థాయి:
నరకమే అయితే అదే ఊళ్ళో సాన్-సుల్పీస్ చర్చిలో 1862 నుంచి ఎలా నడుస్తోందండీ? అదీ కవాయే-కోల్ చేతిదే: వంద స్టాపులు, ఐదు కీబోర్డులు, బార్కర్ యంత్రాలు. తోలు మార్చుకుంటూ పోతే తరాలు నిలుస్తుందనడానికి అంతకన్నా రుజువేం కావాలి? ఇక్కడేమో 1992లో కంప్యూటర్ పెట్టి, పాతికేళ్ళు తిరక్కుండానే మళ్ళీ కన్సోల్‌తో సహా మార్చుకున్నారు. తోలు పగిలితే తోలు కుట్టేవాడు దొరుకుతాడు. ఆగిపోయిన చిప్ ఎవడు తెస్తాడు?

గాలిపెట్టె:
చిప్ సంగతి ఒప్పుకుంటా. సాన్-సుల్పీస్ మాత్రం యంత్రం గట్టితనం వల్ల మిగల్లేదు. అక్కడి ఆర్గనిస్టులు 1870 నుంచి 1933 దాకా విదోర్, 1934 నుంచి 1971 దాకా దుప్రే. నూరేళ్ళ పాటు ఇద్దరే ఇద్దరు, ఇద్దరికీ ఉన్నది ఉన్నట్టే నచ్చింది. అక్కడా కోష్రోలాంటివాడు కూర్చుని ఉంటే ఆ బద్దలు ఎప్పుడో పొయ్యిలోకి పోయేవి. అక్కడ పాతది బతికి ఉంది కాబట్టి కాపాడుతున్నారు. నోత్రదామ్‌లో ఆ యంత్రాలే లేవు. కొత్తగా చేసి పెడితే అది పునరుద్ధరణ ఎలా అవుతుంది? నకలు అవుతుంది.

శ్రుతిబాక్సు:
యాక్షన్ మీద ఇంత కొట్టుకుంటున్నారు గానీ, కింద కూర్చున్నవాడి చెవికి అందేది వాయిసింగూ (ఒక్కో పైపు నాదం దిద్దడం) శ్రుతీ. 2024లో నెలల తరబడి రాత్రిళ్ళు చేసిన పని అదే, ఎందుకంటే పగలంతా కెథడ్రల్‌లో సుత్తి మోతలు.

ఇందులో అసలు చిక్కు వేడి. పిల్లనగ్రోవి తరహా పైపులో స్వరం లోపలి గాలిది. 15 డిగ్రీల దగ్గర 440కి చేసిన పైపు 25 డిగ్రీల దగ్గర దాదాపు 447 పలుకుతుంది, అంటే అర్ధస్వరంలో మూడో వంతు పైకి. రీడు పైపులో ఇత్తడి నాలుక ఉంటుంది కాబట్టి అంత కదలదు. మన హార్మోనియం ఎండకి పెద్దగా తప్పనిదీ ఇందుకే. ఫలితంగా చలికాలంలో సరిగ్గా కలిసిన ట్రంపెట్లు ఎండాకాలంలో మిగతావాటికన్నా దిగువన వినిపిస్తాయి. అప్పుడు 8,000 పైపులు ఎవరూ ముట్టుకోరు. రీడుల ట్యూనింగ్ తీగలు మాత్రం ఒక్కోటీ తట్టి స్వరం పైకి తెస్తారు. తీగ కిందికి దిగితే నాలుక పొట్టిదై స్వరం పెరుగుతుంది.

కాబట్టి మంద్రస్థాయి గారూ, మీరు బార్కర్ పెట్టించినా వేసవిలో మెట్లెక్కి ఆ తీగలు తట్టక తప్పదు.

మంద్రస్థాయి:
తడతాం లెండి. కనీసం ఆ తీగకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అక్కర్లేదు.