వెంగమ్మ, వెంకమ్మ, వెంగమాంబ: మా అవ్వ పేరు పెట్టుకోవాలనుంది, ఏది రాయించుకోమంటారు?

కావలి కుట్టుమిషను:

అందరికీ నమస్తే. మాది ఉదయగిరి వైపు పల్లె. కావలిలో జాకెట్లు కుడతా ఉంటా. నేను ట్రాన్స్ మహిళని. ఇంట్లో అమ్మకీ వదినకీ చెప్పేశా. అన్న సరిగ్గా మాట్లాడటం లేదు గానీ ఇంటికి రావద్దని మాత్రం అనలేదు. ఇప్పుడు కాగితాల్లో పేరు మార్చుకోవాలి. మూడు పేర్ల దగ్గర ఆగిపోయినా. వినేదానికి మూడూ ఒకటే లాగా ఉంటాయి, మా ఇంట్లో మాత్రం దేని కథ దానిదే.

మొదటిది వెంగమ్మ. మా నాయన వాళ్ళమ్మ పేరు. అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి పోతే నన్ను చూసుకున్నది మా అవ్వే. పూలు కావాలని నేను ఏడిస్తే తిట్టేది కాదు. రెండు కనకాంబరాలు చెవి పక్కన దోపి, "మీ నాయన వచ్చేలోపల తీసెయ్" అనేది. ఇంకెవరూ అట్ట చెయ్యలా. అందుకే ఆమె పేరు మోయాలని నాకు ఆశ.

అవ్వ పెళ్ళికి పుట్టింటోళ్ళు పెట్టిన ఇత్తడి బిందె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మూతి కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించారు, "వెంగంమ" అని. మ కింద వత్తు లేదు, ముందు సున్న పెట్టి మ రాశారు, పాతకాలం రాత. చింతపండేసి తోమీ తోమీ మొదటి అక్షరం అరిగిపోయింది, వేలితో తడిమితేగానీ తెలీదు.

రెండోది వెంకమ్మ. ఇదీ మా అవ్వ పేరే, రేషన్ కార్డులో. రాసినాయనకి అట్ట వినపడిందో, అదే సరైన పేరనుకున్నాడో! ఆ కార్డు చూసి పింఛను పుస్తకంలో కూడా అదే రాశారు. అవ్వ వేలిముద్ర మనిషి, ఎవరు ఏం రాశారో చూసుకునేదానికి ఆమెకి చదువు లేదు.

మా అమ్మ అత్తగారి పేరు నోటితో అనదు. అన్న పెళ్ళి పత్రిక అచ్చుకిచ్చేటప్పుడు కూడా ఆ పేరు మీద వేలు పెట్టి చూపించిందే గానీ పలకలా. నర్రవాడ తిరునాళ్ళకి పోయేటప్పుడు అందరూ వెంగమాంబ తల్లి అంటే, మా అమ్మ ఒక్కతే "నర్రవాడ తల్లి" అంటుంది. అత్త పోయి ఇన్నేళ్ళయినా అంతే. అదే వెంకమ్మ అయితే పలుకుతుంది. మా వీధిలో ఒక వెంకమ్మ ఉంది, అమ్మ రోజూ ఆమెను పిలుస్తానే ఉంటుంది. నాకు అమ్మ నోట నా పేరు వినాలని ఉంది. అది చిన్న కోరికని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

మూడోది వెంగమాంబ. నర్రవాడ పేరంటాలు పేరు. అదే పేరున్న కవయిత్రి ఇంకొకామె, తరిగొండ వెంగమాంబ. తిరుమల పోయి అన్నం తిన్న ప్రతి ఒక్కరూ అక్కడి అన్నప్రసాద భవనం బోర్డు మీద ఆమె పేరు చూసుంటారు. నిండుగా, గౌరవంగా ఉంది. అయితే మా అవ్వని అట్ట ఎవరూ పిలవలా.

పాతకాలం పేరు ఎందుకు, నిత్య అనో హాసిని అనో పెట్టుకోమని నా స్నేహితురాళ్ళు అంటున్నారు. వాళ్ళ పేర్లు వాళ్ళకి బాగా నప్పాయి. మా ఊళ్ళో నా ఈడు ఆడవాళ్ళు పెంచలమ్మ, రమణమ్మ, మస్తానమ్మ. నేను ఆడపిల్లగా పుట్టుంటే మా నాయన కచ్చితంగా వాళ్ళమ్మ పేరే పెట్టేవాడు.

ఇంకో సంగతి. నా దగ్గర జాకెట్లకి గుచ్చే చీటీల్లో వెంగమ్మలూ ఉండారు, వెంకమ్మలూ ఉండారు. కొత్తగా చేరిన పిల్ల ఒకసారి ఒకరిది ఇంకొకరికి ఇచ్చి పంపించింది. చీటీలోనే ఇంత తికమకైతే ఆధార్‌లో ఎట్టుంటుందో. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆన్‌లైన్ సెంటర్, కందుకూరు:

అక్కా, పేరు మీ ఇష్టం. నేను కాగితాల సంగతి చెప్తాను.

ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, లింగం ఒక్కసారే. అది దాటితే ప్రాంతీయ కార్యాలయానికి అర్జీ పెట్టుకుని తిరగాలి. అంటే అక్షరం తప్పు పడితే మీకున్న రెండు అవకాశాల్లో ఒకటి పోయినట్టే. వెంగమ్మ అని మీరు ఎంత స్పష్టంగా చెప్పినా వెంకమ్మ అని కొట్టేవాళ్ళు ఉంటారు. నోటితో చెప్పొద్దు. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసివ్వండి. ఆపరేటరు ఇంగ్లీషులో కొడితే తెలుగు దానంతటదే వచ్చేస్తుంది, అసలు తప్పులు వచ్చేది అక్కడే. స్క్రీను మీ వైపు తిప్పమని రెండు భాషల్లోనూ చదవండి. రసీదు చేతికిచ్చాక కుర్చీలోంచి లేవకముందే ఇంకోసారి చదవండి.

వరస కూడా ముఖ్యం. ముందు 2019 చట్టం కింద కలెక్టరు ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం. కేంద్ర ప్రభుత్వం వాళ్ళ నేషనల్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, అందులోనే కొత్త పేరు రాయాలి. అది చేతికొచ్చాక ఆధార్, దాన్ని బట్టి పాన్, బ్యాంకు, ఓటరు కార్డు. కొన్ని చోట్ల గెజిట్ కూడా అడుగుతారు, అంటే పేరు మారినట్టు ప్రభుత్వం అచ్చేసే ప్రకటన. దానికి నోటరీ అఫిడవిట్, పేపర్లో ప్రకటన కావాలి. మొదటి కాగితంలో ఏ అక్షరాలుంటే చివరి దాకా అవే ఉండాలి.

నన్నడిగితే వెంగమాంబ పెట్టుకోండి. ఆ పేరు ఎవరూ తప్పు వినరు.

రిటైర్డ్ టీచరు, ఒంగోలు:

కందుకూరు బాబూ, ఆ మాట మాత్రం నిజం కాదయ్యా. ఆ తరిగొండ కవయిత్రి పేరే పుస్తకాల్లో కొన్నిచోట్ల వెంగమాంబ, కొన్నిచోట్ల వెంకమాంబ అని ఉంటుంది. అంత పెద్ద పేరుకే తప్పలేదు.

అమ్మాయీ, నా పేరు ఆదిలక్ష్మమ్మ. మా నాయనమ్మ పేరే నాకు పెట్టారు. నేను పుట్టేనాటికి ఆవిడ బతికే ఉంది. మా అమ్మ అత్తగారి పేరు పలకకూడదు గదా, నన్ను "అమ్మణ్ణీ" అని పిలిచింది. బళ్ళో వేసేటప్పుడు హెడ్‌మాస్టరు పిల్ల పేరేంటని అడిగితే పక్కింటి పిల్లాడితో చెప్పించింది. నాకు ఉద్యోగం వచ్చినా, పెళ్ళయినా, మనవలు పుట్టినా అమ్మణ్ణినే. మా అమ్మ పోయేదాకా ఆమె నోట నా పేరు నేను వినలేదు.

మా తరంలో ఇది ఇంటింటి సంగతి. అవ్వ పేరు పెట్టిన పిల్లకి ఇంట్లో ఇంకో పిలుపు ఉండేది. చిట్టెమ్మ, బుజ్జమ్మ, చిన్నమ్మి, ఏదో ఒకటి. పిల్లను కోపంలో పేరు పెట్టి తిడితే అత్తగారిని తిట్టినట్టవుతుందని కూడా భయం.

మీ అమ్మ వెంగమ్మ అని పలకకపోతే నిన్ను కూతురిగా అనుకోలేదని మనసులో పెట్టుకోవద్దు. అత్తగారి పేరున్న కూతుళ్ళందరితోనూ తల్లులు అట్లాగే ఉన్నారు. నాతోనూ మా అమ్మ అంతే. నువ్వు వెంకమ్మ అని పెట్టుకుంటే మీ అమ్మ పలుకుతుంది, నిజమే. మీ వీధిలో ఆవిడని పిలిచినట్టే నిన్నూ పిలుస్తుంది. వెంగమ్మ అని పెట్టుకుంటే నీకంటూ ఒక పిలుపు ఆమె వెతుక్కోవాలి. కాగితం మీద అవ్వ పేరు, ఇంట్లో అమ్మ పెట్టిన పేరు. మాకందరికీ దక్కింది అదే.

వెంగమ్మే రాయించుకో.

నెల్లూరు రోశమ్మ:

చెల్లే, టీచరమ్మ మాట బాగుంది. నాకు సగమే నచ్చింది.

నేను కూడా మీలాంటిదాన్నే, పెద్దదాన్ని. జమాత్‌లో, అంటే మా హిజ్రాల కూటమిలో, చేరినప్పుడు మా గురువు నాకు ఒక పేరు పెట్టింది, అందమైన పేరే. దాన్ని కాదనలేదు, మా వాళ్ళు ఇప్పటికీ అట్టాగే పిలుస్తారు. కాగితాల్లోకి మాత్రం రోశమ్మ ఎక్కించుకున్నా. మాది దూబగుంటకి దగ్గరూరు. 1992లో నేను చిన్నపిల్లని. ఆడవాళ్ళంతా కొంగులు బిగించి సారా కొట్టు ముందు కూర్చున్నారు, మా అమ్మ కూడా అందులో ఉంది. సారా ప్యాకెట్లు వీధిలో పోసి కాళ్ళతో తొక్కుతుంటే వచ్చిన వాసన నాకింకా గుర్తుంది. మరుసటేడు అక్టోబరులో రాష్ట్రమంతా సారా బందైంది. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు మా ఇళ్ళల్లో ఎంత ధైర్యంగా పలికేవాళ్ళో చెప్పలేను. పెట్టుకుంటే ఆ పేరే పెట్టుకోవాలనుకున్నా.

ఇట్టాంటి పాతకాలం పేరుతో ఒక మేలుంది. ఇల్లు బాడుగకి అడిగేదానికి పోతే ఇంటామె నన్ను చూసి తలుపు సగం మూస్తుంది. పేరేందని అడిగితే రోశమ్మ అంటా. "మా పిన్నమ్మ పేరు గదా, ఏ ఊరు మీది?" అంటుంది. ఆ ఒక్క మాటతో గుమ్మం దగ్గర ఇంకో రెండు నిమిషాలు నిలబడనిస్తారు. ఇల్లు ఇస్తారని కాదు, మాట్లాడతారు. మాలాంటోళ్ళకి అది తక్కువ సంగతి కాదు.

నచ్చని సగం ఏందంటే, మీ అమ్మే ఏదో ఒక పిలుపు వెతుక్కుంటుందిలే అని వదిలేసి కూర్చోవద్దు. మా అమ్మ నన్ను పాత పేరుతో పిలవడం మానేసింది, కొత్త పేరు ఏదీ పెట్టలా. "ఇదిగో", "ఏందీ", అంతే. నేనూ అడగలా, అదే పిలుస్తుందిలే అనుకున్నా. పిలవకుండానే పోయింది. నువ్వు మీ అమ్మ దగ్గర కూర్చుని, నన్ను ఏమని పిలుస్తావని అడుగు. బదులు వచ్చేదాకా అడుగు.

ఇంకోటి. అవ్వ పేరు పెట్టుకుంటున్నానని మీ అన్నకి కాగితాలు రాకముందే చెప్పు. ఆమె ఆయనకీ అవ్వే. బయట ఎవరి దగ్గరో వింటే మనసు కష్టపడుతుంది.

కావలి కుట్టుమిషను:

అందరికీ దండాలు. రోశమ్మక్కా, నువ్వు రాసింది చదివి ఆదివారం ఊరికి పోయినా. అమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తా ఉంది. నేనూ కూర్చుని తీస్తా చెప్పినా, అవ్వ పేరు రాయించుకుంటున్నానని.

చాలాసేపు ఏమీ అనలా. తర్వాత, "ఆమె నన్ను ఎంత ఏడిపించిందో నీకు తెలుసా" అంది. నాకు నిజంగా తెలీదు. ఆ మధ్యాహ్నమంతా చెప్పింది. కొత్త కోడలుగా వచ్చినప్పటి నుంచి, ఎవరికీ చెప్పనివి. నాకు కనకాంబరాలు పెట్టిన చేతులే అమ్మ తిన్న కంచం లాగేశాయంట. వినేదానికి కష్టమైంది. అట్టయితే వేరే పేరు పెట్టుకుంటాలే అన్నా.

"వద్దు. నీకు మంచే చేసింది గదా, పెట్టుకో. నేను మాత్రం పలకను" అంది. మరి నన్నేమని పిలుస్తావంటే, ఆలోచించి చెప్తానంది. రోశమ్మక్క చెప్పినట్టు మళ్ళీ అడిగినా. "ఇప్పుడే గదా చెప్పినావు, ఉండు" అని కసిరింది. వచ్చే వారం పోయి మళ్ళీ అడుగుతా.

అన్నకి వదిన ముందరే చెప్పినా. "వెంకమ్మనా, వెంగమ్మనా?" అని అడిగాడు. వెంగమ్మ అంటే, కార్డులో తప్పుంది చూసుకో అన్నాడు. చాలా రోజుల తర్వాత నాతో నేరుగా మాట్లాడిన మాట అది.

టీచరమ్మా, వెంగమ్మే ఖాయం. కందుకూరు అన్నా, ఒక్క సందేహం. మా ఇంటిపేరు ముందు పెట్టాలా వెనకా? పొడి అక్షరం చాలా, పూర్తిగా రాయాలా?

ఆన్‌లైన్ సెంటర్, కందుకూరు:

టీచరమ్మా, వెంకమాంబ సంగతి నాకు తెలీదు, మంచి మాట చెప్పారు.

అక్కా, ఇంటిపేరు పూర్తిగా రాయండి, పొడి అక్షరం వద్దు. పాన్ దరఖాస్తులో ఇంటిపేరు పొడి అక్షరాల్లో తీసుకోరు, అక్కడ ఆధార్‌కీ దానికీ తేడా వస్తుంది. ముందా వెనకా అన్నది మీ బ్యాంకు పుస్తకంలో ఎట్లా ఉందో చూసి అదే వరస పెట్టండి. పేరును "వెంగ" ఒక మాట, "అమ్మ" ఒక మాటగా విడగొట్టనివ్వొద్దు, కలిపి ఒకటే మాట. దరఖాస్తు పంపేముందు ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, ఆధార్ సెంటర్‌లో అక్షరాలు సరిచూసుకునేదానికి పనికొస్తుంది.