ఆరేళ్ళ పాపకు ఏడుపు లేకుండా తలస్నానం చేయించడం ఎలా?

ప్రశ్న:
మా పాపకు ఆరేళ్ళు. జుట్టు నడుము దాకా ఉంటుంది, కొద్దిగా ఉంగరాలు తిరిగి ఉంటుంది. రోజు విడిచి రోజు, కళ్ళు మండని రకం పిల్లల షాంపూతోనే తలంటుతున్నాము. అయినా స్నానం తర్వాత చిక్కు తీసేటప్పుడు పాప ఏడుస్తోంది, వెంట్రుకలు మధ్యకు తెగి దువ్వెనలోకి వస్తున్నాయి. ఈ వయసులో కండిషనర్ వాడవచ్చా? దాని వల్ల మాడుకు హాని ఏమైనా ఉంటుందా?

మొదటి జవాబు:
ముందుగా రోజు విడిచి రోజు షాంపూ పెట్టడం మానండి. యుక్తవయసు వచ్చే దాకా పిల్లల మాడులోని నూనె గ్రంథులు మందకొడిగానే పనిచేస్తాయి కాబట్టి, ఊరే ఆ కాస్త నూనెనూ మాటిమాటికీ కడిగేస్తే జుట్టు పొడిబారి చిక్కులు పెరుగుతాయి. వారానికి ఒకసారి, చెమట పట్టేలా ఆడితే రెండుసార్లు చాలు. షాంపూను కొద్ది నీళ్ళలో కలిపి, గోళ్ళు తగలకుండా వేళ్ళ మెత్తని భాగంతో మాడుకు మాత్రమే రుద్దండి. జుట్టంతా నడినెత్తికి పోగుచేసి నలపడమే సగం చిక్కులకు కారణం. కడిగేటప్పుడు జారే నురగతోనే కింది జుట్టు శుభ్రపడుతుంది. స్నానానికి ముందే పొడి జుట్టును ఒకసారి దువ్వడం కూడా అలవాటు చేసుకోండి.

రెండో జవాబు:
పొడిగా దువ్వడం తిన్నని జుట్టుకు సరిపోతుంది గాని, ఉంగరాల జుట్టు విషయంలో నేను దానితో ఏకీభవించను. తడిసినప్పుడు వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు సడలి బలం తగ్గుతుందన్నది నిజమే; కానీ కండిషనర్ పట్టించిన తడి జుట్టు సంగతి వేరు. వెంట్రుక పైపొర ఇంటిమీది పెంకుల్లా ఒకదానిపై ఒకటి పేర్చిన పొలుసులతో ఉంటుంది. అవి లేచినచోట, అరిగినచోట రుణావేశం ఎక్కువగా ఉంటుంది, కండిషనర్‌లోని పదార్థాలకు ధనావేశం ఉంటుంది. అందువల్ల అది ఎక్కువ దెబ్బతిన్న చివర్లకే ఎక్కువగా అంటుకుని రాపిడి తగ్గిస్తుంది. మీ పాపకు నిస్సందేహంగా వాడవచ్చు. చెవుల కిందినుంచి చివర్ల దాకా పట్టించి, రెండు మూడు నిమిషాలు ఆగి, అది ఉండగానే పాయలు విడదీసి పెద్ద పళ్ళ దువ్వెనతో చివర్లనుంచి పైకి దువ్వండి, ఆపైన కడిగేయండి. మాడుకు రాయనవసరం లేదు. మెడ మీద, వీపు మీద మిగిలిపోతే కొందరికి దురద పుడుతుంది కాబట్టి ఒళ్ళు చివర్లో కడగండి. సువాసన లేని రకం దొరికితే అదే మేలు. తుడిచేటప్పుడు తువ్వాలుతో రుద్దకుండా అద్దితే చాలు.

మూడో జవాబు:
చాలామంది పిల్లల ఏడుపు చిక్కుల వల్ల కన్నా ముఖం మీద నీళ్ళు పడతాయన్న భయం వల్లే మొదలవుతుంది. తల వెనక్కి వాల్చి, నుదుటి మీద మడతపెట్టిన పొడి గుడ్డను పాపనే పట్టుకోమని, గోరువెచ్చని నీళ్ళు నుదుటినుంచి వెనక్కి పోయండి. ఎప్పుడైనా పేల మందు వాడవలసి వస్తే మాత్రం, దానికి ముందు కండిషనర్ రాయకండి, మందు సరిగా పనిచేయకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మా బాబుకు పది నెలలు, వాడికి కూడా ఇదే కండిషనర్ కాస్త రాయవచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు:
అవసరం లేదండీ. చిక్కు పడేంత జుట్టు వచ్చే దాకా పసిపిల్లలకు మెత్తని షాంపూ రెండు చుక్కలు చాలు. మాడు మీద పసుపురంగు పొలుసులు కట్టి ఉంటే గిల్లకుండా, మెత్తని బ్రష్‌తో నెమ్మదిగా రుద్ది కడగండి. ఎర్రబడినా, చీము కారినా పిల్లల వైద్యునికి చూపించండి.