అంకురచ్ఛదం ఆహార నిల్వ మాత్రమేనా, విత్తనాన్ని నియంత్రించే కణజాలమా?

వృక్షమిత్ర:
విత్తనంలో పిండం (మొలకగా ఎదిగే భాగం) చుట్టూ ఉండే అంకురచ్ఛదం (ఎండోస్పెర్మ్) ఆ పిండానికి ఆహారం దాచిపెట్టే గోదాము మాత్రమేనని నా వాదన. బఠాణీ, చిక్కుడు గింజల్లో అది విత్తనం ముదిరేలోపే ఖర్చయిపోయి, నిల్వలన్నీ పిండపు తొలి ఆకులైన బీజదళాల్లోకి చేరుతాయి. అయినా అవి చక్కగా మొలకెత్తుతాయి. ఆర్కిడ్ విత్తనాల్లో అది దాదాపు ఏర్పడనే ఏర్పడదు, శిలీంధ్రమే వాటిని పోషిస్తుంది. లేకపోయినా పని జరిగిపోయే కణజాలానికి పెత్తనం ఎలా కట్టబెడతాం?

మొలక:
వృక్షమిత్ర గారూ, మీ ఉదాహరణలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి మీరు తీసిన నిర్ణయంతోనే ఉంది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్‌ను చూడండి. ముదిరిన గింజలో దాని అంకురచ్ఛదం ఒకే ఒక్క కణాల వరుస. నిల్వల్లో అధిక భాగం బీజదళాల్లోనే ఉంటుంది. అయినా సుప్తావస్థలో (మొలకెత్తకుండా నిద్రాణంగా) ఉన్న గింజకు బీజకవచం ఒక్కటే ఒలిచి ఈ పొరను ఉంచితే సుప్తావస్థ వీడదు, దీన్ని కూడా తీసేస్తే పిండం పెరగడం మొదలుపెడుతుంది. టమాటా గింజలోనైతే ప్రథమ మూలం (పిండపు తొలి వేరు) కొనను కప్పి ఉన్న అంకురచ్ఛదం భాగాన్ని, కణకవచాల్లోని మానన్లనే చక్కెర గొలుసులను కరిగించే ఎంజైములు మెత్తబరిచాకే వేరు బయటికి వస్తుంది. ఆహారం అందించడానికి దారి మూయవలసిన అవసరం లేదు కదా!

వృక్షమిత్ర:
బార్లీ మాటేమిటి? పిండం తీసేసిన సగం గింజ నీటిలో నానినా పిండిపదార్థం పెద్దగా కరగదు, మామూలుగా పిండం పంపే హార్మోను జిబ్బరెల్లిన్‌ను చేరిస్తే కరుగుతుంది. అంటే ఆజ్ఞ పిండానిదే.

మొలక:
ఆజ్ఞ పిండానిదే, ఒప్పుకుంటాను. కానీ దాన్ని అందుకుని పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైము ఆల్ఫా అమైలేజ్‌ను తయారుచేసే అల్యురాన్ అనే వెలుపలి పొర అంకురచ్ఛదంలోని సజీవ భాగమే. అదే పొర, మొలకెత్తడాన్ని ఆపే హార్మోను అబ్సిసిక్ ఆమ్లం ఉంటే ఆ పనిని అణచుకుంటుంది. రెండు సంకేతాలనూ తూచి స్పందించే కణాలను గోదాము గోడలనడం అన్యాయం. విత్తనం ఏర్పడే దశలో దీని పాత్ర ఇంకా స్పష్టం. సాధారణంగా అంకురచ్ఛదంలో తల్లివైపు క్రోమోజోము సముదాయాలు రెండు, తండ్రివైపుది ఒకటి ఉంటాయి. క్రోమోజోము సముదాయాల సంఖ్య వేరైన మొక్కలను సంకరం చేసినప్పుడు ఈ నిష్పత్తి తప్పి, చాలా జాతుల్లో అంకురచ్ఛదం దెబ్బతిని గింజ ముడుచుకుపోతుంది. అలాంటి పిండాలను కొన్నిటిని సకాలంలో వేరుచేసి పోషక యానకంలో పెంచితే మొక్కలవుతున్నాయి. పిండంలో బతికే శక్తి ఉన్నా, ఆ సంకరం నుంచి గింజ వస్తుందో రాదో తేలుతున్నది అంకురచ్ఛదం దగ్గరే.