గొర్రెల కొట్టంలో దోమతెర దాటి వచ్చే చిన్న ఈగలను ఆపేదెలా?

పొద్దుగూకే ముందు ఓ గంట, మళ్లీ తెల్లవారుజామున, కొట్టంలోకి రెండు మిల్లీమీటర్లు కూడా లేని బూడిదరంగు కుట్టే ఈగలు గుంపుగా దిగుతున్నాయి. ఫోన్‌లో జూమ్ చేసి చూస్తే రెక్కల మీద మచ్చలు కనిపించాయి, కాబట్టి క్యూలికాయిడ్స్ అనే రక్తం పీల్చే చిన్న ఈగలే అనుకుంటున్నా. గొర్రెలు రాత్రంతా కాళ్లు నేలకేసి కొడుతూ చెవులు విదిలిస్తూనే ఉన్నాయి. జ్వరం, మూతి వాపు, నోట్లో పుండ్లు, కుంటడం ఇంకా ఏవీ లేవు. కానీ గొర్రెలకు నీలి నాలుక (బ్లూటంగ్) జబ్బు తెచ్చే వైరస్‌ను మోసేవి ఇవే, పైగా దాంట్లో 24కు పైగా రకాలు, వేయించిన టీకా అన్నింటికీ పనిచేయదు, అదీ టెన్షన్.

మామూలు దోమతెర కడితే దర్జాగా దూరి వచ్చేస్తున్నాయి. పొగ వేస్తే ఈగల కంటే ముందు గొర్రెలే దగ్గుతున్నాయి. పశువుల డాక్టర్ చెప్పిన మోతాదులో వీపు మీద డెల్టామెత్రిన్ అనే పురుగుమందు పోశాను, అవి మాత్రం పొట్ట కింద, పొదుగు దగ్గర, ఉన్ని లేని చోట చూసుకుని కుడుతున్నాయి. నీళ్ల తొట్టి చుట్టూ బురద, తడి పెంట ఎత్తేశాక కొంచెం తగ్గాయి గానీ చుట్టుపక్కల పొలాల బురదను నేనేం చేయగలను? ఫ్యాన్ గాలి తగిలే మూల ఒక్కటే ప్రశాంతంగా ఉంది. బాగా సన్న కన్నాల తెర కూడా కట్టి చూశా, ఈగలు ఆగాయి కానీ గాలి ఆడక మధ్యాహ్నానికి గొర్రెలు రొప్పుతున్నాయి, విప్పేశాను.

పెద్ద కన్నాల తెరకే పురుగుమందు పట్టించి కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ ఈగలు నిజంగా ఆగాయా?